సైరన్ మోగినప్పుడు మా బాపు

ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పాను. ఏ పాఠమైనా నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని గానీ, పాస్ట్ కంటిన్యువస్ చెప్పాల్సిన రోజు వస్తుందంటే ముందురోజు నుంచే సెలవు పెట్టడానికి సాకు వెతికేదాన్ని. వాజ్, వర్, చివర ఐఎన్‌జీ, ఇందులో భయపడటానికి ఏముందని తోటి టీచర్లు ఆటపట్టించేవాళ్ళు. వాళ్ళకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు పింఛను తీసుకుంటున్నాను. అమ్మ లేదు, బాపు లేడు, ఎవరి ఉద్యోగమూ పోయేది లేదు. కాబట్టి చెప్తాను.

డెబ్బైల మొదట్లో మాట. గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్ళం. ఒక గది, ఒక వంటిల్లు, ముందు రేకుల పంచ. మా వైపు బొగ్గు గనిని బాయి అంటారు, నాన్నను బాపు అంటారు. మా బాపు బాయిలో బొగ్గు నింపే పని చేసేవాడు. ఊళ్ళో గడియారాలు తక్కువ. సైరన్ విని లేచేవాళ్ళం, సైరన్ విని పొయ్యి ముట్టించేవాళ్ళం. షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్‌కు ఎవరూ తల కూడా ఎత్తేవాళ్ళు కాదు. వేళ కాని వేళ మోగితే మాత్రం వాడకట్టు మొత్తం చేతిలో పని వదిలేసేది. బాయిలో ఏదో జరిగిందని దానికి అర్థం.

మా ఇంట్లో ఇంకో భయం కూడా ఉండేది. మా బాపుకు రెండు పేర్లు.

బాయిలో ఉద్యోగం దొరికింది నిజానికి మా పెద్దబాపుకి, అంటే బాపు సొంత అన్నకి. మనుషులను తీసుకుంటున్నారని విని అన్నదమ్ములిద్దరూ ఊరి నుంచి వచ్చారు. అన్న పేరు రాసుకున్నారు, తమ్ముణ్ణి పొమ్మన్నారు. పెద్దబాపు ఒకే ఒక్క షిఫ్టు దిగాడు. పైకి వచ్చాక ఆయన వణుకు తగ్గలేదట. "ఆ చీకట్ల నేను మల్ల దిగ. నువ్వు పోతె పో," అని, బాయిలోకి దిగడానికి ఇచ్చిన తన ఇత్తడి బిళ్ళను తమ్ముడి చేతిలో పెట్టి ఊరికి వెళ్ళిపోయాడు. తెల్లారి మా బాపు ఆ బిళ్ళ పట్టుకుని, ఆ పేరు చెప్పి, బాయిలోకి దిగాడు. ఆ రోజుల్లో ఒళ్ళు గట్టిగా ఉంటే చాలు, ముఖం ఎవరూ చూసేవాళ్ళు కాదు. అప్పటినుంచి ఇంట్లో ఉన్నంతసేపు ఆయన పేరు ఆయనది, గడప దాటితే అన్నది. బయటపడితే ఉద్యోగం పోతుంది, క్వార్టరు ఖాళీ చేయిస్తారు, జైలుకు కూడా పంపుతారని అమ్మ అనేది. జైలు సంగతి నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మ కష్టం వేరే. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. బావ పేరు అసలే అనరు. నల్లా దగ్గర ఆడవాళ్ళు ఆమెను ఫలానా ఆయన భార్య అని బావ పేరుతో కలిపి పిలిస్తే అమ్మ చెవుల దాకా ఎర్రబడేది. ఇంటికి వచ్చి బిందె దబ్బున దించేది.

"బావకు పెండ్లాన్ని చేసిండ్రు నన్ను. గింత ఇజ్జత్ లేని బతుకు ఏడనన్న ఉంటదా?"

బాపు నవ్వేవాడు. ఆ నవ్వు కూడా తలుపు వేసి ఉంటేనే.

బడిలో నా తండ్రి పేరు పెద్దబాపు పేరే. నన్ను చేర్పించే ముందు వారం రోజులు ఇంట్లో పాఠం జరిగింది. అమ్మ ఆ పేరు పలకదు కాబట్టి బాపే నేర్పాడు. "మీ బాపు పేరేంది?" అని అడుగుతాడు. నేను చెప్పాలి. పొరపాటున అసలు పేరు వస్తే అమ్మ తొడపాశం పెట్టేది. ఐదేళ్ళ పిల్లకు ఆ తొడపాశం బాగానే గుర్తుండిపోయింది. తొమ్మిదో తరగతికి వచ్చినా, ఎవరైనా తండ్రి పేరు అడిగితే ముందు నా చెయ్యి తొడ మీదకు పోయేది, తర్వాతే నోరు తెరుచుకునేది.

తొమ్మిదిలో మాకు ఇంగ్లీషు చెప్పే సారు కోస్తా నుంచి వచ్చినవాడు. తెల్ల చొక్కాలే వేసుకునేవాడు, బొగ్గు దుమ్మును రోజూ తిట్టుకునేవాడు. పాఠం మాత్రం మనసు పెట్టి చెప్పేవాడు.

"ఒక పని సాగుతూ ఉంటుంది. మధ్యలో ఇంకోటి వచ్చి పడుతుంది. సాగుతున్నదానికి వాజ్ పెట్టి ఐఎన్‌జీ తగిలించండి. వచ్చి పడినదాన్ని మామూలుగా వదిలేయండి," అన్నాడు. "సరే, మీ ఊళ్ళో అలా వచ్చి పడేది ఏమిటి?"

వెనక బెంచీ నుంచి ఎవరో "సైరన్ సార్" అన్నారు. సారుకు అది తెగ నచ్చింది. పాఠం మన ఊరిదై ఉండాలని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాడు. వెన్ ది సైరన్ బ్లూ, మై ఫాదర్ వాజ్ వర్కింగ్. క్లాసులో సగంమంది ఆడపిల్లలు తల దించుకున్నారు. కొత్తవాడు, ఆయనకేం తెలుసు.

అలాంటివే ఐదు వాక్యాలు, ఐదుగురి మీద, ఇంటి దగ్గర రాసుకురమ్మన్నాడు. "ఫాదర్, మదర్ అని రాస్తే ఒకరిది చూసి ఇంకొకరు దింపేస్తారు. పేర్లతో రాయండి. అప్పుడు దొంగలు దొరుకుతారు," అన్నాడు. దొంగలు అన్న మాటకు నా చెయ్యి తొడ మీదకు పోయింది.

ఆ సాయంత్రం పంచలో కూర్చుని నాలుగు వాక్యాలు రాశాను. అమ్మ నీళ్ళు మోస్తూ ఉంది. పక్కింటి అక్క జొన్నలు విసురుతూ ఉంది. ఇంకెవరో, ఇంకెవరో. ఐదోది బాపుది. అక్కడ కలం ఆగిపోయింది. బాపు స్నానం చేసి వచ్చి నా పక్కన కూర్చుని తల తుడుచుకుంటున్నాడు.

"ఏం రాస్తున్నవు బిడ్డా?"

"నీ గురించే బాపు. సైరన్ మోగినప్పుడు నువ్వు పని చేస్తున్నవని."

"సైరన్ మోగితె పని బంద్ చేసి ఇంటికొస్త గద, పిచ్చిదానా," అని నవ్వాడు.

అమ్మకు నవ్వు రాలేదు. "ఇంట్ల కూసొని ఆ సైరన్ ముచ్చట ఎందుకు రాస్తున్నవే? మీ సారుకు వేరే ముచ్చట దొరకలేదా?" అంది.

బాపుకు చదువు రాదు. సంతకం ఒక్కటే వచ్చు, అదీ అన్న పేరుది, ఉద్యోగం కోసం నేర్చుకున్నది. తన సొంత పేరు తాను ఎప్పుడూ రాయలేదు. ఎక్కడా రాసి ఉండగా చూడలేదు కూడా. బియ్యం కార్డు మీద అన్న పేరు, నా బడి కాగితాల మీద అన్న పేరు. నాకెందుకో ఆ పూట ఒళ్ళు మండింది. మా వాడకట్టులో ఇంగ్లీషు చదివేవాళ్ళు ఎవరున్నారులే అనుకున్నాను. ఆ భాషలో ఏం రాసినా ఎవరికీ దొరకదనుకున్నాను. ఐదో వాక్యం ముందు బాపు అసలు పేరు రాసి, వాజ్ వర్కింగ్ అని పూర్తిచేశాను. రాసినంతసేపూ గర్వంగానే ఉంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు సారు నోటుబుక్కులన్నీ తీసుకున్నాడు. తీసుకుని, అప్పుడు చెప్పాడు, బాగా రాసిన ఐదుగురి కాగితాలు గోడకు అంటిస్తానని. వచ్చే వారం బాయి పెద్ద ఆఫీసరు బడి చూడటానికి వస్తున్నాడట, ఆయనకు చూపించాలట.

ఇంగ్లీషు ఎవరికి వచ్చో నాకు అప్పుడు గుర్తొచ్చింది. సారుకు వచ్చు. ఆఫీసరుకు వచ్చు. సారు హాజరు పుస్తకంలో నా పేరు పక్కన తండ్రి పేరు ఇంకొకటి ఉంది.

మూడు రోజులు నాకు అదే ధ్యాస. గోడ మీద ఆ కాగితం, దాని ముందు ఆఫీసరు, నా పేరు పిలవడం, ఇదే కళ్ళ ముందు. రెండో రోజు సారు దగ్గరికి పోయి, ఒక తప్పు రాశాను, దిద్దుకుని ఇస్తానని అడిగాను. "తప్పులు దిద్దడం నా పనమ్మా," అన్నాడు నవ్వుతూ. ఇంట్లో చెప్పడానికి ధైర్యం చాలలేదు. బాపు పొద్దున డ్యూటీకి పోతుంటే వెనక నుంచి చూసి, ఈయన ఉద్యోగం నా చేతిరాతతో పోతుందని ఏడుపు వచ్చేది. వెనక నుంచి పిలవకూడదు కాబట్టి పిలిచేదాన్ని కాదు.

నాలుగో రోజు. బాపు మొదటి షిఫ్టులో ఉన్నాడు. పొద్దు బాగా ఎక్కింది గానీ ఇంకా మధ్యాహ్నం కాలేదు. సారు బోర్డు మీద రాస్తున్నాడు. నేను ఆయన చేతిని చూస్తున్నాను. సైరన్ మోగింది.

ఆగి, మళ్ళీ మోగింది. సారు "కూర్చోండి" అన్నాడు. ఎవరూ వినలేదు. ఆయన సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి మా ఆడవాళ్ళు ఆ రోజు గురించి మాట్లాడుకున్నప్పుడల్లా ముందు అదే చెప్పుకునేవాళ్ళు. నేను బియ్యం చెరుగుతున్న, నేను పిల్లకు తల దువ్వుతున్న, నేను పిడకలు తెస్తున్న అని. బాయిలో ఏమైందో ఆ తర్వాతే వచ్చేది.

ఇంటి దగ్గర అమ్మ నా కోసమే ఆగి ఉంది. చెప్పులు లేవు, చేతులకు పిండి ఉంది. నా రెక్క పట్టుకుని బాయి వైపు పరుగెత్తింది. నన్ను ఎందుకు తీసుకుపోతున్నదో నాకు తెలుసు. అక్కడ మొగుడి పేరు అడుగుతారు. ఆడవాళ్ళు చెప్పరు. పిల్లలే చెప్పాలి.

బాయి మీద ల్యాంపు రూము కిటికీ ముందు జనం. లోపల పైకప్పు కూలిందని అంటున్నారు, ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. దిగేటప్పుడు ప్రతి మనిషీ తన ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. బిళ్ళ లోపల మేకుకు వేలాడుతుంది. పైకి వచ్చి దీపం ఇచ్చేస్తే బిళ్ళ తిరిగి ఇస్తారు. మేకు మీద బిళ్ళ ఉందంటే మనిషి ఇంకా కింద ఉన్నట్టు. కిటికీలో ఉండే ముసలాయనను పిల్లలందరం చాచా అనేవాళ్ళం. ఆయన పక్కన ఆఫీసు గుమాస్తా కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. ఒక్కొక్కరు పేరు చెప్పడం, చాచా పుస్తకం చూసి మేకులు చూడటం.

మా వంతు వచ్చింది. అమ్మ నన్ను ముందుకు తోసింది.

"మీ బాపు పేరు చెప్పు బిడ్డా," అన్నాడు చాచా.

మూడు రోజులుగా ఒక్క పేరే నా తలలో తిరుగుతున్నది, కాగితం మీద నేను రాసిన పేరు. చెయ్యి తొడ మీదకు పోలేదు. నోటికి అదే వచ్చింది. అసలు పేరు, అందరూ వినేట్టుగా.

చాచా పుస్తకంలో వేలు పెట్టి పైనుంచి కిందకి చూశాడు. "ఆ పేరుతోని ఈ బాయిల ఎవ్వలు లేరు. వేరే బాయి కావచ్చు. జర పక్కకు జరుగు బిడ్డా."

ఎవ్వలు లేరు. తప్పు చెప్పానని తెలుసు. సరైనది చెప్పాలనీ తెలుసు. నాలుక కదల్లేదు. పక్కన ఉన్నవాళ్ళు మమ్మల్ని చూస్తున్నారు, గుమాస్తా తల ఎత్తాడు. అమ్మ నా వీపు మీద ఒక్కటి చరిచింది. అయినా రాలేదు.

అప్పుడు అమ్మ నన్ను పక్కకు లాగి, కిటికీ చువ్వలు పట్టుకుని, బావ పేరు చెప్పింది. చాచాకు సరిగ్గా వినపడలేదేమోనని మళ్ళీ చెప్పింది, ఈసారి గట్టిగా. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆమె నోటి నుంచి ఆ పేరు రావడం నేను వినలేదు. చెప్పి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చాచా అమ్మను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. రెండు పేర్లూ ఆయన విన్నాడు. గుమాస్తా కూడా విని ఉంటాడు. బాపు బతికి ఉన్నాడో లేదో తెలియకముందే, ఆయన బతికి వస్తే ఉద్యోగం ఉండదని నాకు అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. చాచా వేలు మేకుల మీదుగా పోయి ఒకచోట ఆగింది.

"బిళ్ళ ఇక్కడనే ఉన్నదమ్మా. ఇంక మీదికి రాలె." గొంతు తగ్గించాడు. "ఫికర్ చెయ్యకు. ఇంక మస్తుమంది లోపటనే ఉన్నరు. గా గోడకు కూసోండ్రి."

గోడ పక్కన కూర్చున్నాం. అమ్మ చేతులకు పిండి ఎండిపోయి రాలుతోంది. ఎండ గోడ మీద నుంచి మా మీదకు వచ్చింది, మా మీద నుంచి పోయింది. కొందరు మొగవాళ్ళు పైకి వచ్చారు, బాపు రాలేదు. తర్వాత రెండు స్ట్రెచర్లు వచ్చాయి, వాటి మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. అమ్మ నా చెయ్యి పట్టుకుంది, ఎముకలు విరుగుతాయేమో అన్నంత గట్టిగా. మొదటి పేరు పిలిచారు. ఒక ఇంటివాళ్ళు గొల్లున ఏడుస్తూ పరుగెత్తారు. రెండో పేరు పిలిచారు. అది బాపుది కాదు, ఆయన రెండు పేర్లలో ఏదీ కాదు. కానీ ఎవరూ కదల్లేదు. మళ్ళీ పిలిచారు. మూడోసారి పిలిచాక, మా వరసలోనే నాలుగిళ్ళ అవతల ఉండే ఆమె, అప్పటిదాకా మా పక్కనే కూర్చున్న ఆమె, మెల్లగా లేచి నిలబడింది. అది తన మొగుడు బాయిలో చెప్పుకునే పేరని ఆమెకు గుర్తు రావడానికి అంతసేపు పట్టింది. ఇలాంటి ఇల్లు ఊళ్ళో మాదొక్కటే అనుకునేదాన్ని.

బాపు పొద్దు వాలేటప్పుడు వచ్చాడు. తనే నడిచి వచ్చాడు. కూలిన చోటికి అవతల ఉండిపోయి, చుట్టూ తిరిగి రావాల్సి వచ్చిందట. కళ్ళు తప్ప ఇంకేమీ గుర్తుపట్టేట్టు లేదు. అమ్మ లేచింది గానీ పిలవలేదు. ఏ పేరుతో పిలుస్తుంది. చాచా దీపం తీసుకుని, బిళ్ళ తీసి, అవసరం లేనంత గట్టిగా పెద్దబాపు పేరు చదివి బాపు చేతిలో పెట్టాడు. గుమాస్తా కాగితం మీద గీత కొట్టుకున్నాడు. మేము కిటికీ దాటుతుంటే చాచా అమ్మతో మెల్లగా అన్నాడు.

"బిడ్డకు పేరు మంచిగ నేర్పియ్యమ్మా. ఎప్పటికి నేనే ఉండ ఈడ."

తోవలో బాపు ముందు నడుస్తుంటే, వెనక నేను అమ్మకు నోటుబుక్కు సంగతి చెప్పాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. "ఆ కాగితం ఇంట్లకు తే. ఇంకెవ్వల కండ్ల పడద్దు," అంది.

నాలుగిళ్ళ అవతలి ఆమె నెల తిరగకుండానే క్వార్టరు ఖాళీ చేసింది. ఆ పేరు గల అసలు మనిషి ఎక్కడో ఊళ్ళో బతికే ఉన్నాడట. కాబట్టి ఆమె మొగుడు కాగితాల ప్రకారం చనిపోలేదు. ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని, పిల్లను చంకన వేసుకుని ఆమె పోతుంటే అమ్మ తలుపు సందులోంచి చూసింది. ఆ పూట మా ఇంట్లో పొయ్యి ముట్టించలేదు.

ప్రమాదం జరిగిన తర్వాతి వారం సారు నోటుబుక్కులు తిరిగి ఇచ్చాడు. ఆఫీసరు రాలేదు. నా ఐదు వాక్యాలకూ ఎర్ర టిక్కులు ఉన్నాయి. బాపు పేరు కింద మాత్రం చిన్న గీత, పక్కన ప్రశ్న గుర్తు. సారు నన్ను ఒక్క క్షణం చూశాడు. "ఈసారి గోడకు ఏమీ పెట్టొద్దనుకున్నాను," అన్నాడు. ఆ తర్వాత ఆయన ఆ పాఠానికి సైరన్ బదులు వాన వాక్యాలే చెప్పాడు. ఇంటికి రాగానే ఆ కాగితం చింపి పొయ్యిలో వేశాను. ఎర్రటి బొగ్గుల మీద అది ముడుచుకుని బూడిదైనాక గానీ పొయ్యి ముందు నుంచి లేవలేదు.

ఆదివారం బాపుకు సెలవు. అమ్మ నల్లా దగ్గరికి పోయింది. బాపు నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"నా పేరు రాసినవట గద బిడ్డా. మీ అమ్మ చెప్పింది."

తిడతాడేమో అనుకున్నాను. "తప్పయింది బాపు," అన్నాను.

"అది కాదు. ఒక్కసారి చూపియ్యి. ఎట్లుంటదో నేను ఎన్నడు చూడలె."

కాల్చేశానని చెప్పాను. ఆయన తల ఊపాడు. మంచిపని చేసినవని కూడా అన్నాడు. కానీ లేచి పోలేదు. ఆయన ముఖం చూడలేక నేను లేచి తలుపు గడియ పెట్టి వచ్చాను. పొయ్యి పక్కన ఉన్న బొగ్గు ముక్క తీసుకుని గచ్చు మీద ఆయన పేరు రాశాను. ముందు తెలుగులో, కింద ఇంగ్లీషులో. బాపు వంగి చూశాడు. ముట్టుకోకుండా అక్షరాల పైన వేలు ఆడించాడు.

"ఇంతేనా? మా అన్న పేరే పెద్దగుంటది," అన్నాడు.

ఇంకోసారి చదవమన్నాడు. చదివాను. బయట బిందె చప్పుడు వినిపించింది. బాపు భుజం మీది తువ్వాల తీసి, తడిపి, గచ్చంతా శుభ్రంగా తుడిచేశాడు. ఆ తర్వాతే నన్ను గడియ తీయమన్నాడు.

మర్నాడు అమ్మ ఆ తువ్వాలను బండకేసి బాదుతూ, సెలవునాడు కూడా దీనికి బొగ్గు ఎక్కడ అంటిందని విసుక్కుంది. బాపు డ్యూటీకి పోయాడు. నేను బడి సంచి సర్దుకుంటున్నాను.